పచ్చ వైరు

"అమ్మో!"

గిన్నె సింకులో పడి ఖంగుమంది. ఆమె కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని వెనక్కి తూలింది. మోచేతి దాకా జివ్వున లాగేసింది.

భర్త హాల్లోంచి పరుగున వచ్చాడు. "కొట్టిందా? నిన్నటికంటే గట్టిగానా?"

"కుళాయి ముట్టుకుంటే చాలు, లాగి కొడుతోందండీ. పొద్దున గ్యాస్ పైపూ ఇంతే."

"చూశావా వాడి నిర్వాకం!" గోడ అవతలికి వినపడాలని గొంతు పెంచాడాయన. "తోడబుట్టినవాడు చేసే పనేనా ఇది?"

అవతల ఉన్నది ఆయన తమ్ముడే. ఒక్క ఇంటిని మధ్యలో గోడ పెట్టి రెండు చేసుకున్నారు. పెరడు ఎవరిదో తేలక కోర్టుకెక్కారు. ఆ రగడలోనే తమ్ముడు నిచ్చెనేసుకుని గోడెక్కి, వీళ్ళ వంటింట్లోంచి ఆ పెరట్లోకి వెళ్ళే పచ్చ వైరును అందరూ చూస్తుండగా కోసిపారేశాడు. "నా నేలలో నీ వైరేంటి?" అన్నాడు. ఆ రోజు నుంచీ ఆమెకు ఈ తిప్పలు.

ఆయన కూరలకని బజారుకెళ్ళగానే ఆమె ఎలక్ట్రీషియన్ని పిలిపించింది. అతను కుళాయికి టెస్టర్ పెట్టాడు. వెలిగింది. గ్యాస్ పైపుకు పెట్టాడు. వెలిగింది. అరిచేతులు ప్యాంటుకు తుడుచుకుని ఓ అడుగు వెనక్కి వేశాడు.

"పాత ఇల్లమ్మా. గోడలో ఎక్కడో వైరు తోలు ఊడి నీళ్ళ పైపుకి ఆనుకుంది, దాన్ని తగిలి గ్యాస్ పైపుకీ పాకింది. ఎక్కడన్నది గోడలు పగలగొడితే గానీ తెలీదు. ఆ పచ్చ వైరు ఉన్నన్నాళ్ళూ కరెంటు అటునుంచటే భూమిలోకి దిగిపోయేది. ఇప్పుడు దానికి దారి లేదు. తడి నేల మీద నిలబడి మీరు పట్టుకుంటే మీలోంచి దిగుతోంది."

"అంటే ఆ వైరు పని నేను చేస్తున్నానన్నమాట."

అతను నవ్వబోయి మానేశాడు. "ఇవాళ జివ్వుమని వదిలేస్తోంది. రేపు వదలకపోవచ్చు. మీ వైపే కొత్తగా గొయ్యి తవ్వి ఎర్త్ వేసేస్తా. ఒక్క పూట పని."

అప్పుడే సంచీతో లోపలికొచ్చిన భర్త ఆ మాట విన్నాడు.

"ఎవరు పిలిచారయ్యా నిన్ను? గొయ్యీ లేదు, గియ్యీ లేదు. కోసినవాడే కట్టాలి!"

"ఇది పంతాలకు పోయే విషయం కాదు సార్. ప్రాణాలతో..."

"నాకు తెలుసులే. ప్లీడరు చెప్పాడు. కోర్టువాళ్ళొచ్చి వాడి నిర్వాకం కళ్ళారా చూడాలి. అందాకా ఎవరూ వేలు పెట్టడానికి వీల్లేదు."

ఎలక్ట్రీషియన్ టెస్టర్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. గుమ్మం దాటుతూ ఆమె వంక ఒకసారి చూశాడు.

"చంటిది స్టూలెక్కి నీళ్ళు పట్టుకుంటుందండీ," అందామె.

"దాన్ని వంటింట్లోకి రానివ్వకు."

"మరి నేనో?"

"చెప్పులేసుకో. ఎన్నాళ్ళులే, ఎల్లకాలం కాదుగా! పెరడొచ్చిందంటే అనుభవించేది నువ్వూ పిల్లే."

మర్నాడు ఆమె వెనక గదిలో బట్టలు మడతపెడుతుంటే వంటింట్లో స్టూలు పడిన చప్పుడైంది. పరిగెత్తుకెళ్ళింది. పిల్ల నేలమీద పడి ఉంది. ఏడవడం లేదు. కళ్ళు పెద్దవి చేసి తన వేళ్ళకేసి చూసుకుంటోంది. ఎత్తుకున్నాక, వీపు తట్టగా తట్టగా గుక్కపట్టి ఏడ్చింది.

ఇక ఆమె ఆగలేదు. పిల్లని చంకనేసుకుని పక్క గేటు తీసుకుని వెళ్ళింది. గోడ లేచాక ఆ గడప తొక్కడం అదే మొదలు.

తోడికోడలు తలుపు తీసి, పిల్ల ముఖం చూసి, ఏమీ అడగకుండా లోపలికి తిరిగి "ఏమండీ!" అని పిలిచింది.

మరిది వచ్చి నిలబడ్డాడు. వదినగారి ముఖంలోకి చూడలేకపోయాడు.

"ఆబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్ళు విరిగినట్టుంది మీ ఇద్దరి వ్యవహారం," అందామె. "పెరడు నువ్వే తీసుకో. ఊరంతా తీసుకో. నా బిడ్డని మాత్రం నాకు వదిలెయ్ నాయనా. ఆ వైరు కట్టు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అంత మాటనకండి వదినా." అతను పిల్ల వంక చూశాడు. "ఆ రోజు ఒళ్ళు తెలీని కోపంలో కోశాను. తప్పే."

నిచ్చెన తెచ్చి గోడకు వేశాడు. తెగిన కొసలకు అంటుకుని ఉన్న టేపు ముక్కలు పీకి పారేసి, రాగి తీగలు మెలిపెట్టి, కొత్త టేపు గట్టిగా చుట్టాడు. దిగొచ్చి పిల్ల తల నిమిరాడు.

"ఈసారైనా నిలవనివ్వండి వదినా," అన్నాడు.

రెండిళ్ళ మధ్య మంచిమాట గురించే అంటున్నాడనుకుందామె. "నిలుస్తుంది. నేను నిలబెడతాను," అంది.

ఇంటికొచ్చి పిల్లని మంచం మీద కూర్చోబెట్టి, చెప్పులు విడిచి, తడి నేల మీద నిలబడింది. కుళాయికి వేలి కొస తాకించింది. ఏమీ లేదు. అరచెయ్యి మొత్తం ఆనించింది. చల్లగా ఉంది, అంతే. గ్యాస్ పైపు కూడా పట్టుకుంది. అన్నాళ్ళకి ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

హాల్లో భర్త అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

"ఏమండీ, మీ తమ్ముడు వైరు కట్టేశాడు!"

ఆయన చెయ్యి ఆగింది. సబ్బు నురగతోనే విసుగ్గా ఇటు తిరిగాడు.

"మళ్ళీ కట్టాడా వెధవ! ఏదీ, ఆ కటింగ్ ప్లయర్ ఇలా పట్రా."