వీపు తిప్పిన పిట్టలు

“ప్లాస్టిక్ చెప్పులకి పాలిషేం వేస్తాను చెల్లీ?” అన్నాను నవ్వుతూ.

“చెప్పులకి కాదన్నా. నీకు చదవడం వచ్చా?” అంటూ ఆమె పెద్ద చర్చి ముందున్న రాతి స్తంభాలు చూపించింది. అంతర్యుద్ధంలో సైన్యం చంపినవాళ్ళ పేర్లు వాటిమీద చెక్కి ఉన్నాయి. “మా నాన్న పేరుందేమో చూసిపెట్టు. పెద్రో సేతో. గ్వాటెమాలా నగరానికి రావడం నాకిదే మొదలు.”

ఇరవై ఏళ్ళుగా ఆ స్తంభాల నీడలోనే బూట్లు తుడుస్తున్నాను. ఎవరి పేరు ఎక్కడుందో నాకు కంఠతా వచ్చు.

“పాశాచ్ వాళ్ళంతా ఆ చివరి స్తంభం మీదున్నారు, రా” అని లేచాను.

ఆమె కదల్లేదు. “మాది పాశాచ్ అని నేను చెప్పలేదే?”

“నీ రవికె చెప్పింది చెల్లీ. ఒకదానికొకటి వీపు తిప్పుకున్న ఎర్ర పిట్టలు! ఒక్కో ఊరిది ఒక్కో నేత. ఇక్కడ కూర్చునేవాడికి ఆ మాత్రం తెలీదా?”

ఆమె పిట్టల్ని వేళ్ళతో తడుముకుంది.

“ఇది మొన్ననే మగ్గం మీంచి దించాను. తొడుక్కుని నాన్న పేరు ముందు నిలబడదామని, అమ్మ నేసింది గుర్తు తెచ్చుకుని నేశాను. ఈ నేత ఎరిగినవాళ్ళందర్నీ ఒక్కరోజే మా ఊరి చర్చిలో పెట్టి తగలబెట్టారు. కాఫీ కోతకెళ్ళి నేనొక్కదాన్నే మిగిలాను. నలభై ఏళ్ళుగా ఈ పిట్టల్ని ఎవరూ చూడలేదన్నా.”

నేను బ్రష్షు కోసమన్నట్టు కిందికి వంగాను.

“ఆ రోజు మా ఊరొచ్చిన సైనికులు చూసి ఉంటారు” అంది. “అప్పటికి నీకెన్నేళ్ళన్నా?”

“పంతొమ్మిది” అన్నాను.