రెండు వరుసల్లో పట్టని మాట

“ఏమే, ఆయన అన్ని మాటలంటే నువ్వు రెండు ముక్కలు రాసి ఊరుకున్నావేంటి?”

చీకట్లో పిన్ని గొంతు మూడు వరుసల అవతలి దాకా వినిపించింది. ముందు కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. సబ్‌టైటిల్స్ రాసే ఆమెకి సీటు కిందకి దూరిపోవాలనిపించింది. ఫెస్టివల్‌కి రెండు ఉచిత పాసులిచ్చారు కదా, తన పనితనం చూసి మురిసిపోతుందని పిన్నిని వెంటబెట్టుకొచ్చింది. ఇది కోరి తెచ్చుకున్న తంటా.

“మెల్లిగా పిన్నీ! అన్నీ రాయకూడదు. తెర మీద రెండు వరుసలే పడతాయి.”

“ఆ రెండు వరుసలైనా నిండా రాయొచ్చుగా? ‘చేపలు పోయాయి’ట! ఆయన అన్నది అంతేనా?”

ఎండిపోతున్న ఒక సరస్సు మీద తీసిన డాక్యుమెంటరీ అది. అక్కడి ముసలి జాలరి ఒకడు సినిమా అంతా కనిపిస్తాడు. ఆ సరస్సు వైపు మాట్లాడే భాష ఇంత పెద్ద హాల్లో వీళ్ళిద్దరికే వచ్చు. తీసిన దర్శకుడికి కూడా ఒక్క ముక్క రాదు. అందుకే ఈమెకి ఆ పని దొరికింది.

“నాలుగు సెకన్ల షాటు పిన్నీ. అంతలో జనం ఎంతని చదువుతారు? పైగా అక్షరాలు తగ్గించండి, మొహం చూడనివ్వండి అని దర్శకుడే అన్నాడు.”

“మొహం చూస్తే మాట తెలుస్తుందా? మిగతాదంతా ఏం చేశావు?”

“కోసేశాను.”

పిన్ని మొహం తిప్పేసుకుంది. అది చూసి ఆమెకి భయమేసింది. వారం రోజుల్లో పన్నెండు సినిమాలకి సబ్‌టైటిల్స్ రాయాల్సి వచ్చింది. ఆ హడావుడిలో ఆ మాటలు విన్నది, అర్థం చేసుకుంది, లెక్కకు మించిన అక్షరాలని తీసి అవతల పారేసింది. విన్నప్పుడు మనసులో ఏమీ కదల్లేదు. అదే ఇప్పుడు ఆమెని కాల్చేస్తోంది. పైగా ఆ రెండు ముక్కలు దర్శకుడికి ఎంత నచ్చాయంటే, సినిమాకి పేరే అలా పెట్టేశాడు. పేరు పెట్టింది నేనేనని ఇంట్లో అందరి దగ్గరా గొప్పలు పోయింది కూడా.

లైట్లు వెలిగాయి. చప్పట్లు మోగాయి. ఈ ఏడాది ఫెస్టివల్‌లో పర్యావరణం, మానసిక ఆరోగ్యం మీద తీసిన సినిమాలే వేస్తున్నారు. ప్రతి సినిమా తర్వాతా వేదిక మీద చర్చ ఉంటుంది. దర్శకుడి పక్కన మానసిక వైద్యుడు కూర్చున్నాడు.

“ఆ పెద్దాయన మొహంలో ప్రశాంతత గమనించారా?” అన్నాడు వైద్యుడు మైకు అందుకుని. “చేపలు పోయాయి, అంతే. ఒక్క ఫిర్యాదు లేదు. నష్టాన్ని అలా ఒప్పుకోవడం నా పేషెంట్లకి నేర్పాలని ఇరవై ఏళ్ళుగా కిందా మీదా పడుతున్నాను.”

హాలంతా మళ్ళీ చప్పట్లు.

“ఇప్పుడాయన ఎలా ఉన్నారు?” ఎవరో అడిగారు.

“షూటింగు అయిపోయి ఏడాదైంది. మళ్ళీ వెళ్ళడం కుదరలేదు” అన్నాడు దర్శకుడు. “బాగానే ఉండి ఉంటారు. చాలా గట్టి మనిషి.”

పిన్ని ఆమె తొడ మీద గట్టిగా గిల్లింది. “లేస్తావా, నన్ను లేవమంటావా?”

లేస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఇంతమందిలో దర్శకుడి పరువు పోతుంది. వచ్చే ఏడాది తనని పిలిచేవాడు ఉండడు. కానీ ఆ ముసలాయన మొహం కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. లేచి నిలబడింది.

“సబ్‌టైటిల్స్ రాసింది నేనండీ. అక్కడ ఒక తప్పు చేశాను.”

దర్శకుడు ఇబ్బందిగా నవ్వాడు. “చిన్న చిన్నవి తర్వాత సరిచేసుకుందామండీ.”

“చిన్నది కాదండీ. ఆయన అన్నదాంట్లో మొదటి రెండు ముక్కలే ఉంచి, మిగతాదంతా తీసేశాను. తీసేసింది ఇదీ” అని ఆ మాటల్ని ముందు సరస్సు భాషలో, ఆయన అన్నది అన్నట్టుగా చెప్పింది. తర్వాత ఆగి ఆగి అర్థం చెప్పింది. “రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నా మీద నాకే భయంగా ఉంది. నన్ను ఒంటరిగా వదిలేసి వెళ్ళకు బాబూ.”

వైద్యుడు తన మైకుని మెల్లిగా బల్ల మీద పెట్టేశాడు.

“నాదే తప్పు” అందామె. ఏడుపు ఆగలేదు. “అక్షరాలు లెక్కపెట్టుకున్నాను గానీ మనిషిని పట్టించుకోలేదు. ఆ ఊరికి ఎవరినైనా పంపించండి. కాదంటే దారి చెప్పండి, నేనే వెళ్తాను.”

దర్శకుడి మొహం పాలిపోయింది. “ఆ చివరి మాట... ఆ భాషలోనే మళ్ళీ ఒకసారి అనండి” అన్నాడు.

అంది.

“అదే” అన్నాడతను. “షూటింగు జరిగిన నలభై రోజులూ సాయంత్రం నేను కారెక్కుతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆ మాటే అనేవాడండీ. వెళ్ళి రమ్మంటున్నాడనుకుని, రోజూ నవ్వుతూ చెయ్యూపి వచ్చేశాను.”