మొదటి చోటు

సుందరానికి ఎదురు కొట్టు రంగసామి మీదే అనుమానం.

కూతురు ఉజ్వల టీవీ పాటల పోటీలో గెలిచింది. ఆమె పాట ఈ శుక్రవారం ఎక్కువమంది విన్న పాటల చార్టులో మొదటి చోటుకు చేరితేనే కంపెనీవాళ్లు రెండో పాట ఇస్తారు. సరిగ్గా ఇప్పుడే ఎవరో ఫోన్లలో ఉద్యమం లేపారు. పోటీ పాటను ఆపాలట, బదులుగా అందరూ ఒక పాత పాట వినాలట. ఎప్పుడో ఆడకుండా పోయిన సినిమాలోని జోలపాట అది. పాడిందని పేరు పడ్డ పెద్ద గాయని ఇప్పుడు లేదు. అయినా చెన్నై అంతా అదే మోగుతోంది.

“పోనీ వుడు నైనా, మంచి పాటే కదా” అంది ఉజ్వల. సుందరానికి ఒళ్లు మండింది.

రంగసామి కూతురు హైమ అదే పోటీలో ఓడిపోయింది. అతని గాజుల కొట్లోనూ ఆ జోలపాటే. ఇంకేం సాక్ష్యం కావాలి?

“ఏం రంగసామీ, కడుపుమంట చల్లారిందా?”

“ఏందన్నా అట్లంటావు! సౌకార్‌పేటంతా వింటా ఉండారు. ఆడ చూడు, మీ అమ్మ కూడా!”

నిజమే. అరుగు మీద అలివేలమ్మ ఫోను చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది. మనవరాలి పాటకు ఏనాడూ అలా మైమరచిన పాపాన పోలేదు.

అనుమానం పెనుభూతం. అది కాస్తా తల్లి మీదికి ఎక్కింది. అలివేలమ్మ ఒకప్పుడు స్టూడియోల్లో ట్రాక్ పాడేది. పెద్ద గాయని వచ్చేదాకా ఆ చోట నిలబడే గొంతు. ఆమె వచ్చి పాడాక ట్రాక్ చెరిపేస్తారు. పాడినవాళ్లు నోరు విప్పకూడదు. ఉజ్వలకు పాట నేర్పింది కూడా ఈవిడే. తను ఎక్కలేని మెట్టు మనవరాలు ఎక్కుతుంటే ఓర్వలేకపోతోందా? ఛీ, కన్నతల్లిని ఇలా అనుకోవచ్చా అని సిగ్గుపడ్డాడు. కానీ అనుమానం వదల్లేదు.

శుక్రవారం రానే వచ్చింది. జోలపాట మొదటి చోటు. ఉజ్వల పాట రెండోది.

సుందరం కూలబడ్డాడు. వంటింట్లో ఉజ్వల పాయసం కాస్తోంది.

“పాయసమా! నీ బతుకు మన్ను చేసినోళ్లు ఎవురో తెలిస్తే, మా అమ్మయినా సరే, వదల్ను!”

ఉజ్వల గిన్నె దించి వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

“ఆ జోలపాటలో అవ్వ ట్రాక్‌ను చెరపకుండా అట్లే వుంచేసినారు నైనా, అందుకే ఆ ఉద్యమం నేనే మొదలుపెట్టినా.”