తెల్లవి వద్దు

"తెల్లవి నాకొద్దు," అన్నాడు అతను, భార్య చేతిలోని గుడ్డముక్కల వంక చూసి.

ఆమె కత్తెర పక్కన పెట్టింది. మంచం మీద ముక్కలు మూడు కుప్పలుగా ఉన్నాయి. పొట్టిదైపోయిన గౌనులోంచి తీసిన నీలిపూలవి కూతురికి. దిండు గలీబులోంచి తీసిన పసుపుపచ్చవి తనకి. అతని పాత చొక్కాలు విప్పి, కాలర్లూ గుండీపట్టీలూ తీసేసి, అంచులు మడిచి కుట్టిన తెల్లవి అతనికి.

కాగితం రుమాళ్లు మానేద్దామన్నది కూతురి పట్టు. చెయ్యి తుడిస్తే కాగితం, మూతి తుడిస్తే కాగితం, బల్ల మీద చుక్క నీరు ఒలికితే కాగితం. అందులోనూ ఈమధ్య పెట్టెలకు పెట్టెలు ఖాళీ చేస్తున్నది తండ్రే. "కార్ఖానాలో చెక్కలు కోసింది చాలక నాన్న ఇంటికొచ్చి చెట్లు నమిలేస్తున్నాడమ్మా," అంది పిల్ల. ఆ మాటకి ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో ముగ్గురూ ఒకేసారి నవ్వి చాలా కాలమైందని ఆమెకి అప్పుడే తట్టింది.

"మీ చొక్కాలేగా! మెత్తగా ఉంటాయి."

"మురికి కనబడుతుంది. పాలిష్ పట్టే చేతులు నావి."

"ఉతికేదాన్ని నేను. మీకెందుకు దిగులు?"

"వద్దు. నావి నేనే ఉతుక్కుంటాను."

ఆమె తల వంచుకుని ముక్కలు సర్దడం మొదలుపెట్టింది. అయితే ఇది కూడా వేరైందన్నమాట.

మొదట పడక వేరైంది. ఒంటినిండా రంపపు పొట్టు, నీకు నిద్ర పట్టదంటూ ముందుగదిలో చాప పరుచుకున్నాడు. తర్వాత గ్లాసు వేరైంది. ఆమె దగ్గరగా వచ్చి ఏదైనా చెప్పబోతే మొహం కిటికీ వైపు తిప్పుకోవడం అలవాటైంది. సాయంత్రం పరిగెత్తుకొచ్చి మీద పడబోయే కూతుర్ని చెయ్యి చాచి దూరంగానే ఆపి, "స్నానం చెయ్యలేదే పిచ్చుకా, ఉండు," అంటాడు. స్నానం అయ్యాక ఏదో పని తగులుతుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ చెత్తబుట్ట ముట్టుకోని మనిషి, ఇప్పుడు తనే చెత్తసంచి మూతి కట్టి తీసుకెళ్లి పారేసి వస్తున్నాడు. ఆ పాటి పని కూడా ఆమె చేత చేయించుకోవడం ఇష్టం లేనట్టు. పక్కింటావిడ, మీవారు ఎంత మారారమ్మా అని మెచ్చుకుంది. మారారని ఒప్పుకుని ఆమె లోపలికి వచ్చేసింది.

"మరి మీకేవి కావాలి?"

అతను బీరువా తెరిచి, అడుగు అరలోంచి మెరూన్ దుప్పటి తీశాడు. "ఇది కత్తిరించు."

కాపురం పెట్టిన కొత్తలో ఇద్దరూ కలిసి కొన్న మొదటి వస్తువది. రంగు దిగదని కొట్టతను ఎంత చెప్పినా అతను నమ్మలేదు. గ్లాసుడు నీళ్లు అడిగి, దుప్పటి కొస తడిపి, జేబులోని రుమాలు పెట్టి రుద్దాడు. రుమాలు తెల్లగానే ఉంది. "రేపు నేను మారినా మారతానేమో గానీ, ఇది మారదు," అంటూ దారి పొడుగునా ఆమెని నవ్విస్తూ నడిచాడు. నిజమే, ఎన్ని ఉతుకులు పడ్డా చుక్క రంగు వదల్లేదు. నడిమధ్య వలలా పలచబడ్డాక, పారెయ్యడానికి ప్రాణం ఒప్పక మడిచి దాచుకుంది.

"ఇదేమిటో గుర్తుందా మీకు?"

"పాతబడిపోయిందిగా. దాచుకుని ఏం చేస్తాం?" కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

ఇక ఉండబట్టలేకపోయింది. "ఒక్క మాట చెప్పండి. నేనంటే మొహం మొత్తిందా?"

"పిచ్చిదానా," అన్నాడు అతను. ఇంకేదో అనబోయేసరికి దగ్గు అడ్డొచ్చింది. రుమాళ్ల పెట్టెలో మిగిలిన కాగితాలు గుప్పెడు లాక్కుని స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. కుళాయి ధారగా పడుతున్న చప్పుడు ఎంతకీ ఆగలేదు. జవాబు చెప్పడం కన్నా అదే నయమనుకున్నాడు కాబోలని, ఆమె దుప్పటికి కత్తెర పెట్టింది. కళ్లు మసకబారి ముక్కలు వంకరటింకరగా వచ్చాయి.

ఆ తర్వాత ఇంట్లోకి కాగితం రుమాళ్లు రాలేదు. అతను అన్నట్టే తన మెరూన్ ముక్కలు తనే ఉతుక్కుని, తీగకి ఆ చివర, మిగతావాటికి ఎడంగా ఆరేసుకునేవాడు. అతను వద్దన్న తెల్లముక్కలు ఆమె వంటింట్లోకి తీసుకుంది.

ఒకరోజు పొద్దున అతనికి ఆలస్యమైంది. విడిచిన ప్యాంటు కొక్కేనికి అలాగే వదిలి పరుగున వెళ్లిపోయాడు. జేబులో మెరూన్ ముక్క ఉండచుట్టి ఉంది. ఆమె దాన్ని కాసేపు అరచేతిలో పట్టుకుని నిలబడింది. మొగుడి బట్ట ఉతకడం కూడా దొరికిన భాగ్యమైందా అని తనని తనే వెక్కిరించుకుని, బకెట్‌లో తెల్లముక్కలతో పాటు నానేసి, ఇల్లు ఊడవడానికి వెళ్లింది.

"అమ్మా, ఏం పని చేశావు!" స్నానాల గదిలోంచి కేకేసింది కూతురు. "నాన్న గుడ్డ తెల్లవాటితో కలిపేశావు. రంగు దిగి అన్నీ ఎర్రబడ్డాయి చూడు."

"దిగితే దిగిందిలేవే," అంటూ వచ్చి, నీళ్లలో చెయ్యి పెట్టబోయి ఆగిపోయింది.

ఆ దుప్పటి రంగు దిగదు.