గోడ అవతలి బురద

గొట్టం నీళ్లకు బదులు గాలి తాగింది. పంపు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ప్లాస్టిక్ సామాన్ల వ్యాపారి ఈత కొలను గట్టు మీద చతికిలబడి, ప్రహరీ గోడ అవతలికి చెవి పెట్టాడు. అక్కడ తోడల్లుడి పంపు మాత్రం హాయిగా గుర్రుపెడుతోంది.

సాయంత్రం ఐదింటికి మామగారు వస్తారు. ఒకప్పుడు కూతుళ్లిద్దరికీ పక్కపక్కనే ఇళ్లు కట్టించి, ఇంటికో కొలను తవ్వించిన మనిషి ఆయన. తన పంపుల కొట్టు ఏ అల్లుడి చేతికివ్వాలో ఈ రోజే తేలుస్తానన్నాడు. ఆ కొట్టు షట్టరుకు కుడివైపొక తాళం, ఎడమవైపొక తాళం. రెండింటి చెవులూ తన మొలలోనే ఉండాలని వ్యాపారి లెక్క.

పరీక్ష చిన్నదే. ఏళ్ల తరబడి వాడని కొలను అడుగున జానెడు బురద పేరుకుంది. ఎవరి కొలనులో వాళ్లు దాన్ని వాక్యూమ్ బ్రష్షుతో లాగెయ్యాలి. పొద్దున మామగారు చేతులు వెనక్కి కట్టుకుని రెండు కొలనుల చుట్టూ ఒంటరిగా తిరిగొచ్చాడు. పోతూ పోతూ ఒక్క మాట అన్నాడు.

"బురద ఎవడైనా తోడతాడు అల్లుడూ. పంపు ముందున్న బుట్ట మాత్రం ఎప్పటికప్పుడు తీసి చూడు. నీళ్ల వ్యాపారమంతా ఆ బుట్టలోనే ఉంది."

పెద్దవాళ్లు ఏదో ఒకటి అంటూనే ఉంటారు. వ్యాపారి దాన్ని ఆ ఖాతాలోనే వేసుకున్నాడు.

అతని భార్య బ్రష్షు డబ్బాలోంచి వాడే పద్ధతి రాసిన కాగితం తీసి చదివింది. ముందు గొట్టం నిండా నీళ్లు నింపాలట, లోపలి గాలంతా పోయాకే కొలను గోడ కన్నంలో దూర్చాలట.

"చదివినంత తేలిక కాదే దూర్చడం," అన్నాడతను.

"చదవకుండా దూర్చడం ఇంకా కష్టంగా ఉన్నట్టుందండీ," అందామె.

ఈసారి అతను గొట్టాన్ని మూరలు మూరలుగా నీళ్లలోకి దించాడు. బుడగలు ఆగేదాకా ఆగి, మూతిని అరచేత్తో మూసి, గోడలో నీళ్లు లాగే కన్నానికి తగిలించాడు. పంపు పట్టుకుంది. పొడవాటి కర్ర చివర బ్రష్షు అడుగున పాకుతుంటే, వెనకాల నీలం పలకలు బయటపడ్డాయి. వ్యాపారికి ప్రాణం లేచొచ్చింది.

ఆ ప్రాణం రెండు నిమిషాలే ఉంది. ఆకులతో బుట్ట నిండిపోయి లాగుడు తగ్గిపోయింది. పంపు ఆపి, మూత విప్పి, బుట్ట దులిపి, మళ్లీ బిగించాడు. మళ్లీ నిండింది. మధ్యాహ్నానికి పాతికసార్లు వంగి లేచేసరికి, శుభ్రమైంది చాపంత మేర. ఈ లెక్కన ఐదింటికి తేలేది సగం కొలను, మిగిలేది సగం నడుము.

అప్పుడు కనపడింది పంపు పక్కన పాత పైపొకటి, దానికి తుప్పు పట్టిన వాల్వు. సుత్తితో నాలుగు దెబ్బలేసి తిప్పాడు. పంపు ఆపి ఉన్నా సరే, గొట్టం బురదను బుసబుసా మింగడం మొదలుపెట్టింది. పంపు లేదు, కరెంటు లేదు, బుట్ట దులిపే పని లేదు. పెట్టుబడి లేకుండా మూడు లాభాలు.

కాసేపటికి గోడ అవతల నుంచి తోడల్లుడి గొంతు వినపడింది.

"అన్నయ్యా, ఇదేం చోద్యమో. కడిగిన కొలను మళ్లీ నల్లబడుతోంది."

వ్యాపారి చేతిలో కర్ర ఆగింది. తమ ఇల్లు మెరక మీద, వాళ్లది పల్లంలో. ఈ పాత పైపు గోడ కింద నుంచి ఎటు పోతుందో తెలియడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. అతని భార్యకూ తెలిసిపోయింది.

"తప్పు కదండీ," అంది గొంతు తగ్గించి.

"తప్పు పైపుది," అన్నాడతను. గొంతు పెంచి గోడకేసి చెప్పాడు. "పాత కొలను కదా తమ్ముడూ, అడుగు నుంచి ఊరుతోందేమో. ఓపిక పట్టు."

అది నాలుగో లాభం.

ఐదింటికి అతని కొలనులో నీళ్లు రెండడుగులు తగ్గితే తగ్గాయి గానీ, అడుగు పలకలు లెక్కపెట్టుకోవచ్చు. చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, గట్టు మీద పెళ్లికొడుకులా నిలబడ్డాడు. గోడ మీదుగా తొంగి చూస్తే తోడల్లుడు మోచేతుల దాకా నల్లగా, ఇంకా బుట్ట దులుపుకుంటూనే ఉన్నాడు. జాలేసింది. గెలిచినవాడికి జాలి పడడం చౌక.

మామగారు వచ్చాడు. కొలను వంక చూడనైనా చూడలేదు. నేరుగా పంపు దగ్గరికి పోయి బుట్ట మూత విప్పాడు.

"ఇందులో నీకేం దొరకలేదా?"

"ఆకులు దొరికాయి మామయ్యగారూ. మధ్యాహ్నం నుంచి అసలు బుట్ట తీసే అవసరమే పడలేదు," అన్నాడు వ్యాపారి గర్వంగా.

మామగారు గట్టు మీద మెల్లగా కూర్చున్నాడు. కొట్టు షట్టరు తాళంచెవులు రెండూ పొద్దున తనే తెచ్చి, ఒక్కో కొలనులో ఒకటి పడేశానన్నాడు. ఒక్క చెవితో షట్టరు లేవదు కాబట్టి, ఇద్దరూ చచ్చినట్టు కలిసి నడుపుకుంటారని తన ఆలోచనట.

వ్యాపారి వంగి కొలనులోకి చూశాడు. అడుగు అద్దంలా ఉంది. అద్దంలో అతని మొహం తప్ప ఇంకేమీ లేదు. అతని భార్య పాత వాల్వు వంక చూసి, పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

గోడ మీదుగా బురద కారుతున్న చెయ్యి ఒకటి లేచింది.

"మామయ్యగారూ, నాకు రెండు దొరికాయి. రెండోది అన్నయ్య పంపిన బురదలో వచ్చింది."