తీతువు అరిచిన చోటు

తీతువు కూత వింటే సూరికి ఒళ్ళు జలదరిస్తుంది. వాళ్ళ విజయనగరం వైపు ఆ పిట్ట అరిచిందంటే ఎవరికో మూడినట్టే.

అల్వాల్‌లో కొత్తగా అద్దెకు దిగాడు. కాల్ సెంటర్ క్యాబు రాత్రి రెండింటికి రోడ్డు మీద దింపేస్తుంది. ఖాళీ ప్లాట్లకు అడ్డంపడి నడిస్తే ఇల్లు దగ్గర.

మొదటి రాత్రే చీకట్లో తీతువు గోలపెట్టింది. వెంటనే కర్ర నేలకు కొట్టుకుంటూ ఒక ముసలాయన ఉరికొచ్చాడు.

"ఆగు. ఆడ్నే ఆగు."

తర్వాతి మాట వినే ధైర్యం సూరికేదీ? వెనక్కి తిరిగి, రోడ్డు చుట్టి ఇంటికి ఒకటే పరుగు. రెండో రాత్రీ అదే తంతు.

"దొంగెదవ. ఈడి సంగతి ఈయేల తేల్చీద్దాం బావా," అన్నాడు సంగతి విన్న బావమరిది వరహాలబాబు.

మూడో రాత్రి ఇద్దరూ కలిసే వెళ్ళారు. పిట్ట అరిచింది. ముసలాయన వచ్చాడు. వరహాలబాబు క్రికెట్ బ్యాటుతో మూతి మీద ఒక్కటిచ్చాడు.

పళ్ళు రాలాయి. ఏదో చెప్పబోతే నెత్తురే వచ్చింది. ముసలాయన చెయ్యెత్తి ముందుకు చూపించాడు.

"ముఠాని పిలుస్తన్నాడు బావా."

సూరి కర్ర లాక్కుని ఆ చేతి మీదే కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడైంది. పుట్టి బుద్ధెరిగాక కోడిని కూడా అదిలించనివాడు, ఆ రాత్రి చెయ్యి ఆపుకోలేకపోయాడు. కదలిక ఆగాక ఈడ్చుకెళ్ళి రోడ్డు పక్కన పడేశారు.

మర్నాటి రాత్రి సూరి ఈలవేసుకుంటూ నడిచాడు. తీతువు అరిచింది. అరుచుకో, ఇంకెవడొస్తాడులే అనుకున్నాడు.

కాలికి తగిలి ఒక రాయి దొర్లింది. క్షణం తర్వాత ఎక్కడో లోతున నీళ్ళలో పడింది.

సెల్‌ఫోన్ లైటు వేశాడు. అడుగు దూరంలో గట్టు లేని పాత బావి. అంచున నేల మీదే నాలుగు తీతువు గుడ్లు.

పొద్దున పాలు పోస్తూ విమలమ్మ తనే చెప్పుకొచ్చింది. బ్రహ్మచారి అనే ముసలి వడ్రంగి ఆ బావికి చెక్కలతో మూత చేస్తే, ఎవరో స్లాబు సెంట్రింగుకు ఎత్తుకుపోయారట. అప్పటినుంచి రాత్రిళ్ళు అక్కడే కాపలా. నిన్న సాయంత్రం దవాఖానాలో ప్రాణం పోయింది.

అంత చీకట్లో మనుషులొస్తున్నట్టు ఆయనకెలా కనబడేదని సూరి అడిగాడు.

"ఏడ కనవడ్తది బాబూ, ఆయనకు రేచీకటి. పిట్ట ఒర్లితే ఎవరో బాయి దిక్కు పోతున్నరని ఉరికేటోడు. కొట్టినోళ్ళు ఎవరని పోలీసోళ్ళు అడిగితే సుత, చూడలేదని తల ఊపిండంట."