‘భా’ దగ్గర ఆగిన మాట

“నేను నిన్ను నా భా... భా... భా...”

చెరువు గట్టు మీద వాలిన గూడబాతులు ఒక్కసారిగా లేచిపోయాయి.

“అవి ఒప్పుకోలేదండీ! ఇంకోసారి అడిగి చూడండి!” దోనెలో వలలేసుకుని వెళ్తున్న సత్తిరాజు కేకేసి నవ్వాడు. గట్టు మీద మాటలు వల్లెవేస్తున్న యోబుకీ నవ్వొచ్చింది.

పెళ్లి శనివారం. చెప్పాల్సిన మాటలన్నీ కంఠతా వచ్చు. ‘భార్య’ దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతుకి తాళం పడిపోతోంది.

ఏలూరులో నత్తికి స్పీచ్ థెరపీ చేసే విజయకుమారిగారు చెబుతూనే ఉన్నారు. “మాటని తొయ్యకండి. కాస్త ఊపిరి వదిలి, దాని మీద జారనివ్వండి. ఆగితే ఆగండి, ఆగడం నేరం కాదు. మొదటి పెళ్లి కదా, ఎవరికైనా గొంతు ఎండుతుందండీ.”

“అం... అందరూ న... నవ్వితే?”

“నవ్వనివ్వండి. పెళ్లికొచ్చేది ఏడవడానికా?”

ఆ సాయంత్రం పెళ్లికూతురు శాలిని తండ్రి అహరోను మండవల్లి నుంచి బండేసుకుని వచ్చాడు. వెనక శాలిని. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఏవండీ, ఉన్నమాట చెప్తాను, ఏమీ అనుకోకండి. ఊరంతా వస్తారు. మీరక్కడ ‘భా భా’ అంటూ నిలబడితే బిరియానీ చల్లారిపోద్దండీ. మీ అంతట మీరే తప్పుకుంటే గౌరవంగా ఉంటది.”

యోబు సరేనని తలూపబోయాడు. నోటితో చెప్పడం కన్నా అదే తేలిక.

“ఈయన కాకపోతే నాకీ పెళ్లే వద్దు నాన్నా,” అంది శాలిని.

“ఏం చూశావే ఈయన్లో?”

“అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు అందరూ వచ్చి గంటలు గంటలు ధైర్యం చెప్పిపోయారు. ఈయన ఏమీ చెప్పలేక, అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఆ రోజే అమ్మకి నిద్ర పట్టింది.”

అహరోను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

శనివారం చర్చి కిక్కిరిసింది. తెల్లచీరలో శాలిని ఎదురుగా నిలబడింది. యోబు నోరు తెరిచాడు.

“నేను నిన్ను నా భా...”

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. యోబు ఆగాడు. గొంతుతో కుస్తీ పట్టలేదు. ఊపిరి వదిలాడు.

“...భార్యగా స్వీకరించుచున్నాను. మేలుకైనా, కీడుకైనా, వ్యాధిలోనైనా, ఆరోగ్యములోనైనా, మరణము మనలను ఎడబాపు వరకు నిన్ను ప్రేమించి కాపాడుదును.”

ఎక్కడా తడబడలేదు. అహరోను కండువాతో కళ్లొత్తుకున్నాడు. శాలిని తలెత్తి నవ్వింది.

పాస్టరు యోబు, శాలిని పక్కనున్న పెళ్లికొడుకు వైపు తిరిగి, “ఇక నా వెంట చెప్పండి, బ్రదర్,” అన్నాడు.